రెండు మీటర్ల పది సెంటీమీటర్లు

మైసన్న తాడు కొసను దేవేందర్ మడమ కింద తొక్కించి, రెండో కొసను వీపు మీదుగా నడినెత్తి దాకా గుంజి, అక్కడ ముడి వేశాడు. అప్పటికి పది దాటింది. రోడ్డు మీద ఎల్లారెడ్డి ఆటోలు పోతూ పోతూ కాస్త నెమ్మదించి, ఈ మనుషులను చూసి, మళ్ళీ ఊపందుకుంటున్నాయి. బతికున్న మనిషిని నిలబెట్టి తాడుతో కొలవడం వాళ్ళెప్పుడు చూశారు గనుక.

బొంద కొలత మామూలుగా పీనుగను చూసి తీస్తారు. ఇక్కడ పీనుగ ఇంకా దారిలోనే ఉంది. తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం దిగి, అంబులెన్సు ఎక్కి వస్తోంది. అలాంటప్పుడు తోడబుట్టినవాణ్ని కొలవాలి. పడుకోబెట్టి కొలవకూడదు, నిలబెట్టే కొలవాలి. వాళ్ళ కులంలో పెద్దల నాటి నుంచీ అదే పద్ధతి.

"వాడు నా కన్న నాలుగు ఏళ్ల పొడుగుండె కాకా," అన్నాడు దేవేందర్, చేతి వేళ్ళు చూపెట్టి.

"నాలుగు ఏళ్లకేమైతదిరా. ఆ కొసకొక పిడికిలి, ఈ కొసకొక పిడికిలి ఎక్కువనే ఏస్తున్న. వాడు కాళ్లు చాపుకొని పండుతడు తియ్," అని మైసన్న తాడును నేల మీద పరిచి గడ్డపారతో గీత గీశాడు. దక్షిణాన తల, ఉత్తరాన కాళ్ళు. తల వైపు తారు రోడ్డు, కాళ్ళ వైపు హన్మంతు పటేలు పొలం కంచె. మధ్యలో మిగిలినదే వాళ్ళ బొందలగడ్డ.

ఎంకవ్వ తుమ్మచెట్టు కింద కూర్చుని ఇదంతా చూస్తోంది. కొలుస్తున్నది ఆమె పెద్ద కొడుకును. తవ్వుతున్నది చిన్న కొడుకు నితీష్ కోసం. చూస్తోంది గాని, ఆమె కళ్ళలో తడి లేదు. నితీష్ పోయి ఇరవై మూడు రోజులైంది. ఇరవై మూడు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా గొంతెత్తి ఏడవలేదని ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు. ఏడుపు రాక కాదు. ఏడవటానికి ఒక వేళ ఉంటుంది కదా, ఆ వేళ ఇంకా రాలేదేమోనని ఆమె మనసులో ఎక్కడో ఉండిపోయింది.

దుబాయి నుంచి ఫోను వచ్చిన రోజు ఆమె హన్మంతు పొలంలోనే కలుపు తీస్తోంది. దేవేందర్ గట్టు మీద నిలబడి "అవ్వా, తమ్ముడు నాలుగో అంతస్తుకెల్లి పడ్డడట" అన్నాడు. ఆమె విన్నది. విని, చేతిలోని గడ్డి గట్టు మీదికి విసిరి, మళ్ళీ వంగింది. తన వంతుగా పట్టిన వరస, ఆ మునుం చివరిదాకా తీసి, అప్పుడు లేచింది. ఎందుకు అట్లా చేశానో ఆమెకే తెలియదు. పక్క మునుంలోని పోచవ్వ ఈ ముచ్చట ఊరంతా చెప్పింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పోచవ్వ కూడా తన మునుం పూర్తి చేసే లేచింది.

పీనుగ రాలేదు గనుక మైల పట్టలేదు. మైల పట్టలేదు గనుక నాలుగో రోజు నుంచి ఎంకవ్వ మళ్ళీ కూలికి పోయింది. రోజుకు మూడు వందలు. పొద్దున పోయేది, సాయంత్రం వచ్చేది, చిన్న కోడలు ప్రమోదకు ఇంత అన్నం పెట్టేది. ప్రమోదను మాత్రం మొదటి రోజే మూలకు కూర్చోబెట్టారు. బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. అవన్నీ పీనుగ వచ్చాక. అంతవరకు ముఖం మీద కొంగు, గోడకు వీపు. ఆ పిల్ల ఇంటరు చదివింది. దుబాయి కంపెనీతో, ఏజెంటుతో మాట్లాడగలిగినది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. కాని ఫోను ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. మొగడు పోయిన పిల్ల ఫోను పట్టుకుని బయటివాళ్ళతో మాట్లాడితే నలుగురూ ఏమనుకుంటారు? కాగితాలన్నీ దేవేందర్ ఫోనుకే వచ్చాయి. దేవేందర్ ఏడో తరగతి.

నిన్న మధ్యాహ్నం వచ్చిన కాగితం సంగతి చెప్పాలి. అంతా ఇంగ్లీషు. దాంట్లో ఒకచోట మూడు అంకెలు. రెండు వేల నూరు, ఏడు వందలు, ఐదు వందల యాభై. వాటి పక్కన ఇంకేమీ లేదు. దేవేందర్ దాన్ని కులపెద్ద రాజేశం దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దరూ కలిసి చాలాసేపు చూశారు. ఈ ఊళ్ళో గల్ఫు నుంచి అంకె వచ్చిందంటే అది దిర్హామే. ఇరవై ఏళ్ళుగా అక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ పైసలే. జీతం అంకె, వీసా అంకె, జరిమానా అంకె. వేరే అంకె ఎప్పుడు వచ్చింది?

"కంపెనోడు కర్సులు రాసిండు," అన్నాడు రాజేశం. "ఇమానానికి ఇంత, డబ్బకు ఇంత, కాయితాలకు ఇంత."

మూడింటినీ కూడితే మూడు వేల మూడు వందల యాభై దిర్హామ్‌లు. దిర్హామ్‌కు ఇరవై మూడు రూపాయల లెక్కన డెబ్బై ఏడు వేల పైచిలుకు. దేవేందర్ రాత్రికి అన్నం ముట్టలేదు. పొద్దున్నే లేచి బర్రెకు బేరం చూడమని రాజేశానికి చెప్పి, ఆ తర్వాతే బొందలగడ్డకు వచ్చాడు.

ఆడవాళ్ళు మామూలుగా బొందలగడ్డకు రారు. ఈసారి రాక తప్పలేదు. పొలిమేర అవతల పోయినవాడి పీనుగ ఊళ్ళోకి రావద్దు. ఇంటి ముందు దించడం, స్నానం చేయించడం ఏమీ ఉండవు. బండి నేరుగా ఇక్కడికే వస్తుంది. చూడాలంటే ఇక్కడే చూడాలి. అందుకని ప్రమోదను కూడా కొంగు కప్పి నడిపించుకొచ్చి, అత్త పక్కన తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టారు.

మైసన్న, ఇంకో ఇద్దరు మార్చి మార్చి తవ్వుతున్నారు. మొరం నేల. గడ్డపార దిగినప్పుడల్లా రాయి తగిలిన చప్పుడు. మైసన్నకు బొందకు రెండున్నర వేలు, ఒక సీసా. సొంత వదినె కొడుక్కు తవ్వుతున్నాడు గనుక పైసలు వద్దన్నాడు, సీసా మాత్రం వద్దనలేదు.

పన్నెండు గంటలకు అంబులెన్సు డ్రైవరు ఫోను చేశాడు. దేవేందర్ చేతులకు మట్టి ఉండటంతో స్పీకరు పెట్టాడు.

"కామారెడ్డి దాటినం అన్నా. గంటల వస్తం. బొంద పెద్దగ తీసిన్రా? డబ్బ మస్తు పొడుగున్నది."

"ఎంత పొడుగున్నదన్నా?"

"నాకేమెర్క? నీకు పంపిన కాయితంల రాసుంటది సూడు. లోపట రేకు డబ్బ, పైన చెక్క డబ్బ. ఇప్పద్దని డాక్టరు గూడ రాసిచ్చిండు."

మాట అయిపోయాక దేవేందర్ ఆ ఫోనులోనే కాగితం తీసి అటూ ఇటూ జరిపాడు. "దీంట్ల పొడుగెక్కడున్నది? కర్సులే ఉన్నయి. రెండు వేల నూరు, ఏడు వందలు, ఐదు వందల యాబై."

ప్రమోద కొంగు తీసింది.

అంత మందిలో కొంగు తీసి, నేరుగా బావ ముఖం చూసి మాట్లాడటం ఆమెకు అదే మొదలు. "అయి పైసలు గావు బావా. డబ్బ కొలతలు. మిల్లీమీటర్లు."

"మిల్లీమీటర్లా?" అన్నాడు రాజేశం. "మిల్లీమీటర్లు వానకు జెప్తరు పిల్లా. టీవీల సూడలేదా? ఎల్లారెడ్డిల ఇర్వై మిల్లీమీటర్ల వాన వడ్డదని. పీనుగ డబ్బకు మిల్లీమీటర్లేంది?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఆయన పనంత మిల్లీమీటర్లల్లనే," అంది ప్రమోద. గొంతు తడబడటం లేదు, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "కిటికీల అల్మినియం పట్టీలు కోస్తుండె గదా. ఆడ ఫీట్లు లేవు, ఇంచులు లేవు. ఒక మిల్లీమీటరు తప్పు కోస్తె దినం జీతం కట్. ఫోన్‌ల నాకు గదే లెక్క జెప్తుండె. నీ మొగడెంత పొడుగంటె వెయ్యిన్ని ఆరు వందల ఎనబై అని జెప్పు అంటుండె."

దేవేందర్ ఫోనును ఆమె చేతికిచ్చాడు. ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి ఇచ్చాడు. ఆమె కాగితాన్ని పెద్దగా చేసి చూసింది. అంకెల పైన పొడవు, వెడల్పు, ఎత్తు అని ఇంగ్లీషులో పొడి అక్షరాలు ఉన్నాయి.

"అయితె బర్రెను అమ్ముడు లేదా?" అన్నాడు దేవేందర్. అడగవలసిన ప్రశ్న అది కాదని అడిగిన తర్వాత అతనికే అనిపించింది. అయినా అతని భుజాలు కిందికి దిగాయి. గంటల తరబడి మోసిన బరువు అది, దిగదా మరి.

ఎంకవ్వ కోడలి వైపు తిరిగింది. "రెండు వేల నూరు మిల్లీమీటర్లంటె ఎంత బిడ్డా? నాకు సమజయ్యేటట్టు జెప్పు."

"పది మిల్లీమీటర్లయితె ఒక సెంటీమీటరు అత్తమ్మా. అంటే రెండు నూర్ల పది సెంటీమీటర్లు. నూరు సెంటీమీటర్లయితె ఒక మీటరు."

"మీటరు నాకెర్కె."

ఎంకవ్వకు మీటరు నిజంగానే ఎరుక. అక్షరం రాదు గాని, పదిహేను ఎండాకాలాలు ఉపాధి పనిలో గుంతలు తీసింది. మీటరు కర్ర అంటే ఆమెకు నేల నుంచి బొడ్డు మీదికి రెండు వేళ్ళు. సెంటీమీటరు అంటే చిటికెన వేలి గోరు. పది సెంటీమీటర్లు బొటనవేలు లోపల పెట్టుకుని బిగించిన తన పిడికిలి. ముప్పై సెంటీమీటర్లు అంటే మీటరు కర్ర మీది ఎర్రగీత. ఆ గీత మునిగేదాకా తవ్వితే ఆ పూటకు మూడు వందల ఏడు, మునగకపోతే రెండు వందల చిల్లర. పొట్ట నేర్పిన చదువు. మరిచిపోదు.

"రెండు కర్రలు, పైన ఒక పిడికిలి," అందామె.

"ఆఁ. రెండు మీటర్ల పది సెంటీమీటర్లు."

ఉపాధి మేటు శ్రీలత ఇల్లు రోడ్డుకు అవతలే. ఆమె పోయి మీటరు కర్ర తెచ్చింది. ఎంకవ్వ లేచి, ఎవరినీ అడగకుండా, మైసన్న గీసిన గీత మీద కర్ర పెట్టి కొలిచింది. ఒక కర్ర, ఇంకో ఎనభై. తాడు కొలిచినది మనిషిని. వస్తున్నది డబ్బా.

"ముప్పై తక్కువున్నది మైసన్నా. డబ్బకే."

మైసన్న నుదురు తుడుచుకున్నాడు. "డబ్బకు డబ్బంత తీస్తె యాడ సాలుతది వదినె? దించెటప్పుడు ఆ కొసకు ఈ కొసకు చెయ్యి వట్టాలె. పిడికెడు పిడికెడన్న ఉండాలె."

అంటే రెండు మీటర్ల ముప్పై. ఎంకవ్వ కర్రను తారు రోడ్డు అంచున ఆనించి కంచె దాకా రెండుసార్లు పరిచింది. రెండో కర్ర కొస సరిగ్గా కంచెకు పాతిన రాతి కడీకి తగిలింది. రెండు మీటర్లు. అంతే ఉంది బొందలగడ్డ వెడల్పు.

"అడ్డం తీద్దాం," అన్నాడు దేవేందర్.

"తూర్పు పడమరనా? ఎవడన్న ఇంటె నవ్వుతడు," అన్నాడు రాజేశం. "తల దక్షిణానికే ఉండాలె. మనం పీనుగలను దిక్కు దప్పి పెట్టినోళ్లం గాదు."

"పెట్టినా గూడ సోటు లేదు," అన్నాడు మైసన్న. "ఇటు లచ్చవ్వ బొంద, అటు వాళ్ల అత్తది. నడుమ మీటరు గూడ లేదు. వాళ్ల మీదికెల్లి తవ్వాల్నా?"

ఎంకవ్వ కంచె దగ్గరే నిలబడిపోయింది. అవతల యాసంగి వరి పొట్టకొచ్చి ఉంది. ఆమె చూస్తున్నది వరిని కాదు. కంచె లోపల, ఇక్కడికి రెండడుగుల దూరంలో ఆమె పెనిమిటి పర్శరాములు ఉన్నాడు. పన్నెండేళ్ళ కిందట అతణ్ని పెట్టినప్పుడు ఆ చోటు బొందలగడ్డే. అతని కాళ్ళ తర్వాత ఇంకా ఒక మనిషి నడిచేంత దారి ఉండేది, ఆ తర్వాత పటేలు గట్టు. మరుసటి ఏడు దుక్కిలో ట్రాక్టరు గట్టును ఒక చాలు ఇవతలికి తెచ్చింది. ఆ పై ఏడు ఇంకో చాలు. ఒక్క చాలుకు ఎవరు పంచాయితీ పెడతారు? అడిగితే "డ్రైవరు చూసుకోలేదు" అనేవాడు హన్మంతు. పది దుక్కులయ్యాక కడీలు పాతించి తీగ లాగించాడు. అతని తల వైపు పెట్టిన రాయిని తీసి ఎవరో మోటరు గుడిసె ముందు బట్టలు ఉతికే బండగా వేశారు. ఆ పొలంలో ఎంకవ్వ నాటు వేసింది, కలుపు తీసింది. ఆ చోటికి వచ్చినప్పుడు అడుగు కొంచెం తేలిగ్గా వేసేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం, మూడు వందలు పోతాయి.

"చాలుకు ఎంత బిడ్డా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"ఏ చాలు అత్తమ్మా?"

"ట్రాక్టరు చాలు. ఎర్రగీతంత ఉంటది."

"ముప్పై సెంటీమీటర్లు."

"పది చాళ్లయితె?"

"మూడు నూర్లు. మూడు మీటర్లు అత్తమ్మా."

"ఊఁ," అంది ఎంకవ్వ. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. మూడు మీటర్లు ఒక్కరోజు పోతే ఊరంతా లేచి నిలబడేది. చాలు చాలుగా పోయింది గనుక ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు కావలసింది ఒక్క చాలు.

హన్మంతు బండి మీద వచ్చాడు. కంచె దగ్గర జనం చేరారని ఎవరో చెప్పి ఉంటారు. బండి స్టాండు వేసి, ముందు చెప్పవలసిన మాట చెప్పాడు. "మంచి పోరడు. నా కండ్ల ముంగట పెరిగిండు. దేవుడు అన్యాలం జేసిండు." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నితీష్ దుబాయి పోయేటప్పుడు ఆయన చేతిలో అయిదు వందలు కూడా పెట్టాడు.

రాజేశం చేతులు కట్టుకుని సంగతి చెప్పాడు. రాజేశం ఆయన దగ్గర రెండెకరాలు కౌలు చేస్తున్నాడు, అందువల్ల నెమ్మదిగా చెప్పాడు. "ఒక కడీ తీస్తె అయిపోతది పటేలా. ముప్పై సెంటీమీటర్లు. పని కాంగనె మల్ల పాతిస్తం."

"నీకు దెల్వని ముచ్చటనా రాజేశం? నా పట్టల ఉన్న భూమి అది. ఇయ్యాల ముప్పై అంటరు. రేపు ఇంకోడు పోతె ఆని డబ్బ ఎంతుంటదో? పీనుగ పెట్టినంక మల్ల నేను ఆడ దున్నుకుంటనా, కోసుకుంటనా? పొట్టకొచ్చిన పంట." హన్మంతు బొందలోకి తొంగి చూశాడు. "గింత దానికి ఎందుకు పరేషాన్? డబ్బ ఇప్పుండ్రి. పోరడు పొడుగేం గాదు గదా, మీ బొందల మంచిగ సరిపోతడు."

"ఇప్పద్దని రాసిన్రట."

"వాళ్లు అట్లనే రాస్తరు. మనోళ్లు డబ్బలల్ల పెడ్తరా ఏడన్న? మట్టిల పెడ్తరు. మీ పద్దతి గూడ గదే."

రాజేశం తల ఊపాడు. పటేలు నోటి నుంచి తమ పద్ధతి వినడం అతనికి ఊరటగా ఉంది. "అది నిజమే వదినె. డబ్బల పెట్టుడు మనకు లేదు. జెరంత మోకాళ్లు ఒంచి పెడితె..."

"ఇరవై మూడు రోజులాయె," అన్నాడు మైసన్న మెల్లగా. "ఒంచుడేంది అన్నా. నేను జెయ్య."

"నువ్వు జెయ్యకపోతె ఇంకొకడు జేస్తడు," అన్నాడు హన్మంతు.

అందరూ ఎంకవ్వ వైపు చూశారు. ఆమె సరేనంటే పని అయిపోతుంది. అందరూ ఇళ్ళకు పోయి స్నానాలు చేయవచ్చు. నితీష్ దుబాయిలో ఎట్లా పడుకునేవాడో ఆమెకు గుర్తొచ్చింది. ఒకసారి వీడియోలో చూపించాడు. ఒక గదిలో ఎనిమిది మంది, మంచం మీద మంచం. "పక్కకు తిరుగాలంటె కాళ్లు ముడుసుకొనే తిరుగాలె అవ్వా" అని నవ్వాడు. చిన్నప్పుడు వాడు చాపుకుని పడుకునేవాడు. కాలు ఎవరి మీద పడేదో వాడికే తెలిసేది కాదు.

"వాన్ని ఇంక ఒంచద్దు," అంది ఎంకవ్వ.

గట్టిగా అనలేదు. పక్కనున్న ప్రమోదకు, మైసన్నకు వినపడింది. హన్మంతుకు వినపడలేదు.

"ఏమంటున్నది?"

ఎంకవ్వ చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది, రోజూ పొలంలో దోపుకున్నట్టే. బొంద అంచున కూర్చుని, కాళ్ళు వేలాడేసి, లోపలికి దిగింది. నడుము లోతు అయింది అప్పటికి.

"వదినె! ఆడిది బొందల దిగద్దు," అన్నాడు రాజేశం.

"పదిహేను ఏండ్ల సంది గుంతలల్లనే ఉన్న. అప్పుడు దిగద్దన్నోడు లేకపాయె," అంటూ ఆమె చెయ్యి చాచింది. మైసన్న చేతిలో గడ్డపార ఉంది. అతను రాజేశాన్ని చూశాడు, హన్మంతును చూశాడు, ఆ చేతిని చూశాడు. గడ్డపార ఇవ్వలేదు, కింద కూడా పెట్టలేదు. ఎంకవ్వే అందుకుని గుంజుకుంది. అతను వదిలేశాడు.

ఆమె ఉత్తరపు గోడను పొడవడం మొదలుపెట్టింది. పైన కాదు, అడుగు నుంచి. మొరం పెళ్ళలు పెళ్ళలుగా రాలి ఆమె పాదాల మీద పడింది. కడీ అంచు దాకా తొలుచుకుంటూ పోయి, కడీ కిందికి పోయింది.

"ఎంకవ్వా," అన్నాడు హన్మంతు. ఇంకా మెత్తగానే అన్నాడు. "దుఃఖంల ఉన్నవు. నేనేమనను. బయటికి రా."

చప్పుడు ఆగలేదు.

"రేపటి సంది నా పొలంల అడుగు వెట్టకు మరి. నువ్వే గాదు, నీ కోడలు గూడ. మీ ఇంటోళ్లు ఎవరొద్దు."

"పెట్ట," అందామె లోపలి నుంచి.

"పోలీసోళ్లను పిలుస్త!"

"పిలువు పటేలా. వచ్చినోళ్లను కర్ర తెచ్చుకొమ్మను. లోపట నా పెనిమిటి ఎంత దూరమున్నడో గూడ కొలుస్తరు."

ఆ మాటకు హన్మంతు ఫోను కోసం జేబులో పెట్టిన చెయ్యి ఉత్తదే బయటికి తీశాడు. రాజేశం నేల చూశాడు. కౌలు రెండెకరాలు అతని కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. ఆడవాళ్ళలో పోచవ్వ ముందుకు వచ్చి, బొంద అంచున కూర్చుని, ఎంకవ్వ తోడిన మట్టిని తట్టలోకి ఎత్తింది. మిగతావాళ్ళు కూర్చున్నచోటే కూర్చున్నారు. దేవేందర్ లేవబోయి, హన్మంతు ముఖం చూసి ఆగాడు. ఆగాక కూర్చోలేకపోయాడు, అట్లాగే సగం లేచి ఉండిపోయాడు.

కడీ కింద మట్టి జారిపోయింది. అది పడలేదు. అటూ ఇటూ ఉన్న కడీల మధ్య మూడు వరసల తీగ దాన్ని పట్టుకుంది. నేల మీద ఆనని రాయి, తీగకు వేలాడుతూ, ఎంకవ్వ తల మీద చిన్నగా ఊగింది. హన్మంతు గబాల్న ముందుకు వచ్చి పైతీగను రెండు చేతులతో పట్టుకున్నాడు. రాయి ఆమె మీద పడకుండా పట్టుకున్నాడో, తన కంచె పోకుండా పట్టుకున్నాడో చూసేవాళ్ళకు తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

రోడ్డు మలుపులో అంబులెన్సు కనపడింది. సైరన్ లేదు, తొందరేమీ లేదు గనుక. నెమ్మదిగా వచ్చి రోడ్డు మీదే ఆగింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు.

ప్రమోద అటు చూడలేదు. మీటరు కర్రను బొందలోకి దించి, అత్త తొలిచిన గోడ నుంచి ఈ కొస దాకా పరుచుకుంటూ వంగి చూసింది.

"ఎంతైంది బిడ్డా?"

"రెండు మీటర్ల పద్దెనిమిది అత్తమ్మా. ఇంక పన్నెండు కావాలె."

ఎంకవ్వ కళ్ళలోకి కారిన చెమటను మోచేత్తో తుడుచుకుని గడ్డపార మళ్ళీ ఎత్తింది.